కొత్త డేటా ముందు పాత మోడల్: సహసంబంధం, పీ విలువ చెప్పనివి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒక పెద్ద కార్యాలయ భవనం రేపు ఎన్ని యూనిట్ల విద్యుత్తు వాడుతుందో ముందుగా చెప్పడానికి లీనియర్ రిగ్రెషన్ మోడల్, అంటే ఒక్కో కారకాన్ని ఒక్కో గుణకంతో హెచ్చించి కలిపే సూత్రం, తయారుచేశారు. ఉష్ణోగ్రత, వారంలో ఏ రోజు, లోపల ఉండే మనుషుల సంఖ్య దాని చలరాశులు. 400 రోజుల పాత డేటా మీద ఆర్-స్క్వేర్ (వినియోగంలోని హెచ్చుతగ్గుల్లో మోడల్ వివరించిన వాటా) 0.84 వచ్చింది. తర్వాత 120 రోజుల కొత్త డేటా అందింది. ఆ రోజులకు మోడల్ ఇచ్చిన అంచనాలకూ అసలు వినియోగానికీ మధ్య సహసంబంధం (రెండూ కలిసి మారే తీరుకు కొలత, గరిష్ఠం 1) 0.91 ఉంది. రెండింటి సగటులను జత టీ పరీక్షతో పోలిస్తే పీ విలువ (నిజంగా సగటు తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా పెద్ద తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత) 0.38 వచ్చింది. కాబట్టి "మోడల్ సరైనదని తేలింది" అని నివేదికలో రాయవచ్చా అన్నది మీ మొదటి ప్రశ్న. కొత్త డేటా మీద మోడల్‌ను మళ్లీ ఫిట్ చేస్తే మనుషుల సంఖ్య గుణకం సార్థకం కాకుండా పోయింది (దాని పీ విలువ మామూలు హద్దు 0.05ను దాటింది), మోడల్ విఫలమైనట్టేనా అన్నది రెండోది. వినియోగం ఒక పరిమితిని దాటుతుందా లేదా చెప్పే లాజిస్టిక్ మోడల్ (ఘటన జరిగే సంభావ్యతను ఇచ్చేది) 96 శాతం రోజుల్లో సరిగ్గా చెబుతోంది, అది చాలదా అన్నది మూడోది.

మొదటిదానికి జవాబు: ఇంకా రాయలేరు. రెండోదానికి: కాదు. మూడోదానికి: పరిమితి దాటిన రోజులు మొత్తం ఎన్నో చెప్పనిదే ఆ 96కు అర్థం లేదు. ఇక వివరంగా చూద్దాం.

ముందు సహసంబంధం సంగతి. ఐదు రోజుల అసలు వినియోగం 210, 230, 250, 270, 290 యూనిట్లు అనుకోండి. ఒక మోడల్ 260, 280, 300, 320, 340 అని చెప్పింది. సహసంబంధం సరిగ్గా 1. అయినా ఆ మోడల్ ప్రతి రోజూ 50 యూనిట్లు ఎక్కువ చెప్పింది. అంచనాలన్నిటినీ రెట్టింపు చేసినా, సగం చేసినా సహసంబంధం మారదు. రెండు వరుసలు కలిసి పెరిగి కలిసి తగ్గుతున్నాయా అన్నదే దానికి పట్టింపు. అవి ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయన్నది దానికి తెలియదు. మీరు నమ్ముకోవాలనుకుంటున్నది ఈ దగ్గరతనాన్నే.

టీ పరీక్ష విషయం ఇంకా విచిత్రం. అవే ఐదు రోజులకు మరో మోడల్ 290, 270, 250, 230, 210 అని చెప్పిందనుకుందాం. అంటే పూర్తిగా తలకిందులుగా. తేడాలు 80, 40, 0, -40, -80. వాటి సగటు సున్నా. జత టీ పరీక్ష పీ విలువ 1 ఇస్తుంది. మీ తర్కం ప్రకారం ఇంతకన్నా మంచి మోడల్ ఉండదు! ఆ పరీక్ష అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: సగటు తేడా సున్నాకు భిన్నమని చెప్పడానికి ఆధారం ఉందా? ఒక రోజు 80 ఎక్కువ, మరుసటి రోజు 80 తక్కువ చెప్పే మోడల్‌ను అది నిశ్చింతగా వదిలేస్తుంది. పైగా డేటా ఎంత తక్కువగా ఉంటే, తేడాలు ఎంత చెల్లాచెదురుగా ఉంటే "తేడా లేదు" అన్న తీర్పు అంత సులువుగా వస్తుంది. మోడల్ ఎంత అధ్వానమైతే అంత తేలిగ్గా గట్టెక్కించే పరీక్ష ఇది. దీనికి మరో వైపు కూడా ఉంది. లక్ష రోజుల డేటా ఉంటే, ఎవరికీ పట్టని అర యూనిట్ సగటు తేడా కూడా పీ విలువను పాతాళానికి తొక్కుతుంది. ఆధారం దొరకలేదు అనడం వేరు, తేడా లేదని రుజువైంది అనడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడం మా గణాంకశాస్త్ర రంగంలో అన్నిటికన్నా మొండి జబ్బు.

అందుకే కొత్త డేటాను "పాసా, ఫెయిలా" అని అడగవద్దు. ఎంత తప్పింది, ఏ దిశలో తప్పింది, ఏ రోజుల్లో తప్పింది, ఆ తప్పు మీ పనికి ఎంత బరువు అని అడగండి. 120 సంఖ్యలు ఉన్నాయి. వాటిని ఒకే ఒక్క పీ విలువగా పిండేస్తే మిగతా సమాచారమంతా పోతుంది.

పని మొదలుపెట్టే ముందు మోడల్‌ను గడ్డకట్టించండి. అంటే 400 రోజుల నుంచి వచ్చిన గుణకాలను దశాంశాలతో సహా అలాగే ఉంచి, కొత్త విలువలను వాటిలో ప్రవేశపెట్టి అంచనాలు తీయాలి. ఉష్ణోగ్రతను సగటు తీసేసి ప్రామాణిక విచలనంతో (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలతతో) భాగించి వాడుంటే, ఆ సగటూ విచలనమూ పాత డేటావే కావాలి. కొత్త 120 రోజుల సగటుతో మళ్లీ లెక్కగట్టారంటే కొత్త డేటా సమాచారం కొంత దొడ్డిదారిన మోడల్‌లోకి చేరిపోయినట్టే. ఖాళీలను పూరించిన పద్ధతికీ, అసాధారణ విలువలను తొలగించిన నియమానికీ ఇదే వర్తిస్తుంది. ముఖ్యంగా రెండోది. అంచనా బాగా తప్పిన రోజును "ఆ రోజు ఏదో ప్రత్యేకం" అని పక్కన పెట్టాలన్న కోరిక అందరికీ కలుగుతుంది. ఆ ప్రత్యేకతను అంచనా వేసే రోజునే గుర్తించగలిగితే తీసేయండి. తర్వాత తెలిసింది కాబట్టి తీసేస్తాను అంటే కుదరదు.

తర్వాత గ్రాఫులు గీయండి. నా దృష్టిలో ఏ పరీక్షా వీటికి సాటి రాదు. మొదటి దాంట్లో అడ్డంగా అంచనా, నిలువుగా అసలు విలువ, మధ్యలో 45 డిగ్రీల గీత. రెండోదాంట్లో నిలువుగా తేడా, అంటే అసలు విలువ లోంచి అంచనాను తీసేస్తే మిగిలేది, అడ్డంగా తేదీ. మూడోదాంట్లో అదే తేడా, అడ్డంగా ఉష్ణోగ్రత. తేదీ గ్రాఫులో ఒక రోజు నుంచి తేడాలన్నీ గీతకు ఒకే వైపుకు జరిగితే ఆ రోజు భవనంలో ఏదో మారింది: కొత్త యంత్రం వచ్చి ఉండవచ్చు, ఒక అంతస్తు ఖాళీ అయి ఉండవచ్చు, మీటర్ మార్చి ఉండవచ్చు. ఉష్ణోగ్రత గ్రాఫులో తేడాలు విల్లులా వంగితే మీరు సరళరేఖ వేసిన చోట అసలు సంబంధం వక్రం. బాగా వేడి రోజుల్లోనూ బాగా చలి రోజుల్లోనూ వినియోగం పెరిగే భవనాల్లో ఇలా జరగడం మామూలే.

ఇప్పుడు కొలతలు. తేడాల సగటు, గుర్తు వదిలేసిన తేడాల సగటు, తేడాల వర్గాల సగటుకు వర్గమూలం అనే ఆర్‌ఎంఎస్‌ఈ, ఈ మూడూ యూనిట్లలోనే చెప్పండి. భవనం నడిపేవారికి 0.91 అంటే ఏమీ అర్థం కాదు. "సాధారణంగా 20 యూనిట్లు అటూ ఇటూ" అంటే వెంటనే అర్థమవుతుంది. ఆర్‌ఎంఎస్‌ఈని రెండు ముక్కలుగా విడదీయడం కూడా అలవాటు చేసుకోండి. తేడాల వర్గాల సగటు అంటే సగటు తేడా వర్గానికి తేడాల విస్తృతిని (ప్రామాణిక విచలనం వర్గాన్ని) కలిపితే వచ్చేదే. ఉదాహరణకు ఆర్‌ఎంఎస్‌ఈ 30 అయి, సగటు తేడా 24 అయితే, 900లో 576 ఒకే దిశలో జరిగిన తప్పుది. మిగిలింది 324, అంటే చెదురు 18 యూనిట్లే. ఈ మోడల్ రోజుల మధ్య హెచ్చుతగ్గులను చక్కగా పట్టుకుంటోంది, మట్టం మాత్రం జరిగిపోయింది. అదే 30, సగటు తేడా 2 అయితే జబ్బు పూర్తిగా వేరు. మందూ వేరే.

సగటు తేడాను చెప్పేటప్పుడు పీ విలువ బదులు దాని విశ్వాస అంతరం, అంటే అసలు సగటు తేడా ఉండే అవకాశమున్న పరిధి, ఇవ్వండి. "సగటు తేడా 3 యూనిట్లు, అంతరం -4 నుంచి 10 వరకు" అని ఉంటే చదివేవారే తమకు 10 యూనిట్లు పెద్ద విషయమో కాదో తేల్చుకుంటారు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. రోజువారీ తేడాలు స్వతంత్రంగా ఉండవు. ఈరోజు మోడల్ తక్కువ చెబితే రేపు కూడా తక్కువే చెప్పే అవకాశం ఎక్కువ. పక్కపక్క రోజుల తేడాల మధ్య సహసంబంధం 0.5 ఉండి, దూరం పెరిగేకొద్దీ అది క్రమంగా సగం సగం తగ్గుతుంటే, సగటును లెక్కించే విషయంలో 120 రోజులు దాదాపు 40 స్వతంత్ర రోజులతో సమానం. మామూలు సూత్రంతో తీసిన అంతరం ఉండాల్సిన దానికన్నా ఇరుకుగా వస్తుంది. మీ టీ పరీక్ష ఈ సంగతిని కూడా పట్టించుకోలేదు. వారాలను గుత్తులుగా తీసుకుని బూట్‌స్ట్రాప్ చేయడం, అంటే ఆ గుత్తులను యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ ఏరి ప్రతిసారీ సగటు లెక్కించడం, తేలికైన దారి.

ఆర్-స్క్వేర్ గురించి రెండు మాటలు. కొత్త డేటాకు దాన్ని సహసంబంధ వర్గంగా లెక్కించవద్దు. కొత్త తేడాల వర్గాల మొత్తాన్ని, పాత సగటునే అంచనాగా వాడితే వచ్చే తేడాల వర్గాల మొత్తంతో భాగించి, ఒకటి లోంచి తీసేయండి. ఇలా చేస్తే అది రుణాత్మకం కూడా కావచ్చు. పైన ప్రతి రోజూ 50 ఎక్కువ చెప్పిన మోడల్‌నే తీసుకోండి: తేడాల వర్గాల మొత్తం 12,500. పాత సగటు 250 అనుకుంటే దాని నుంచి అసలు విలువల దూరాల వర్గాల మొత్తం 4,000. ఆర్-స్క్వేర్ -2.125. మోడల్ అనేదే లేకుండా రోజూ 250 అని చెప్పినా అంతకన్నా ఎంతో మేలన్నమాట. సహసంబంధం మాత్రం అక్కడ 1 అని చెప్పి కూర్చుంది.

ఇంకో మాట, ఆర్-స్క్వేర్ తగ్గినంత మాత్రాన మోడల్ చెడిపోయినట్టు కాదు. పాత డేటాలో వినియోగం విస్తృతి 2,500, తేడాల విస్తృతి 400 అయితే ఆర్-స్క్వేర్ 0.84. కొత్త 120 రోజులు ఒకే రుతువులో పడి వినియోగం విస్తృతి 1,000కి తగ్గిందనుకోండి. తేడాలు ఏమాత్రం పెరగకపోయినా ఆర్-స్క్వేర్ 0.60కి పడిపోతుంది. మోడల్ చేస్తున్న తప్పు అదే 20 యూనిట్లు. మారింది పోటీ తీవ్రతే: రోజుల మధ్య హెచ్చుతగ్గులు తక్కువైతే ఉత్త సగటును చెప్పినా దగ్గరగానే పడుతుంది. పాత, కొత్త డేటాల ఆర్-స్క్వేర్‌లను పక్కపక్కన పెట్టి బెంగపడేవాళ్లు ముందు ఈ విస్తృతులను చూడాలి.

రుతువుల ప్రస్తావన వచ్చింది కాబట్టి: మీ కొత్త రోజుల ఉష్ణోగ్రతలు పాత డేటాలో ఉన్న హద్దుల్లోనే ఉన్నాయా? హద్దు దాటిన చోట మోడల్ చేసేది నేల విడిచిన సాము. ఆ రోజులను విడిగా లెక్కించండి. అన్నీ హద్దుల్లోనే ఉండి, అదీ ఒకే రుతువులో ఉంటే, మీరు పరీక్షించింది ఆ రుతువుకు సంబంధించిన మోడల్‌నే. మిగతా ఏడాది గురించి ఈ డేటా నోరు విప్పదు, మీరూ నివేదికలో విప్పకండి.

అంచనా అవధులను పరీక్షించారా? ప్రతి రోజుకూ 95 శాతం అంచనా అవధి, అంటే అసలు విలువ 95 శాతం సార్లు పడవలసిన పరిధి, తీయండి. సగటు రేఖ చుట్టూ గీసే విశ్వాస అంతరం వేరు. అది చాలా ఇరుకు, ఒక్కో రోజుకు దాన్ని వాడకూడదు. ఈ రెండూ తారుమారు కావడం తరచూ చూస్తుంటాను. 120 రోజుల్లో అసలు విలువ అవధి లోపల పడవలసినది సుమారు 114 రోజులు. రోజులు స్వతంత్రమైతే దీని ప్రామాణిక విచలనం 2.4 దాకా ఉంటుంది కాబట్టి 109 నుంచి 119 వరకు వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. 100 వస్తే మోడల్ తన మీద తాను అతి నమ్మకం పెట్టుకున్నట్టు. అన్ని రోజులూ లోపలే పడితే సంబరపడకండి, అవధులు అనవసరంగా వెడల్పుగా ఉండి ఉండవచ్చు. బయట పడిన రోజులన్నీ సోమవారాలేనా అన్నది కూడా చూడండి. మొత్తం మీద 95 శాతం సరిపోయి, సోమవారాల్లో 70 శాతమే సరిపోయే మోడల్‌ను భవనం నడిపేవారు నమ్మరు. నమ్మకపోవడమే న్యాయం.

ఇంకో ఉపయోగకరమైన పని, అసలు విలువను అంచనా మీద రిగ్రెస్ చేయడం, అంటే ఆ రెండింటి మధ్య బాగా సరిపోయే సరళరేఖ గీయడం. అసలు విలువ నిలువు అక్షం, అంచనా అడ్డం. తిప్పి వేస్తే వాలు మారిపోతుంది, తప్పు నిర్ధారణకు వస్తారు. మంచి మోడల్‌కు అంతరఖండం (గీత నిలువు అక్షాన్ని తాకే చోటు) సున్నా దగ్గర, వాలు 1 దగ్గర ఉండాలి. వాలు 0.7 వస్తే, మోడల్ ఎక్కువ వినియోగపు రోజులను మరీ ఎక్కువగా, తక్కువ వినియోగపు రోజులను మరీ తక్కువగా చెబుతోంది. పాత డేటాలోని యాదృచ్ఛిక వంకరలను కూడా నిజమనుకుని నేర్చుకున్న మోడల్‌కు ఇది ముద్రలాంటిది. మీకున్నవి మూడు చలరాశులు, 400 రోజులు కాబట్టి ఆ జబ్బు తక్కువగానే ఉంటుందనుకుంటున్నాను. అయితే ఆ మూడింటినీ ముప్పై చలరాశుల్లోంచి ఏరి ఎంచుకుని ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది పోలిక. ఏ కొలత అయినా ఒంటరిగా మాట్లాడదు. 20 యూనిట్ల తప్పు మంచిదా చెడ్డదా? పోయిన వారం ఇదే రోజు ఎంత వాడారో అదే ఈ వారం అంచనాగా తీసుకోండి. ఏ గణితమూ లేని ఈ అంచనా ఆర్‌ఎంఎస్‌ఈ 22 వస్తే మీ మోడల్ పడిన శ్రమకు దక్కింది రెండు యూనిట్లు. 45 వస్తే మోడల్ నిజంగానే పని చేస్తోంది. రెండు అంచనా పద్ధతుల మధ్య తేడా యాదృచ్ఛికమా అని పరీక్షించాలనిపిస్తే, తేడాలు రోజు నుంచి రోజుకు అంటుకుని ఉండే సందర్భాల కోసమే 1995లో డీబోల్డ్, మారియానో అనే పరిశోధకులు ప్రతిపాదించిన పరీక్ష ఉంది. అది వాడండి.

ఈ పోలికను వదిలేస్తే ఏమవుతుందో గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ ఉదంతం చెబుతుంది. జనం వెతికే పదాలను బట్టి ఫ్లూ వ్యాప్తిని అంచనా వేసే ఆ వ్యవస్థ 2008లో మొదలైంది. 2009 వసంతంలో వచ్చిన హెచ్1ఎన్1 వ్యాప్తిని తక్కువగా చెప్పింది. సరిచేసిన తర్వాత మరో వైపుకు ఒరిగింది. 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం 2011 ఆగస్టు నుంచి 108 వారాల్లో 100 వారాలు అది ఎక్కువగానే చెప్పింది. తప్పులు యాదృచ్ఛికమైతే సగం వారాలు ఇటు, సగం అటు పడాలి కదా. కొన్ని వారాలు ఆలస్యంగా అందే ప్రభుత్వ గణాంకాలను ముందుకు పొడిగించే మామూలు మోడల్ దానికన్నా మెరుగ్గా ఉందని అదే విశ్లేషణ చూపింది. తేడాను తేదీ మీద గీసే గ్రాఫు, ఒక సాదా పోలిక: ఈ రెండూ ఉంటే ఈ లోపం తొందరగానే కంటపడుతుంది.

ఇప్పుడు మీరు ప్రస్తావించనిది, కానీ నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతున్నది. కొత్త 120 రోజులకు అంచనా వేసేటప్పుడు ఏ ఉష్ణోగ్రత వాడారు? ఆ రోజు నిజంగా నమోదైనదా, ముందు రోజు వాతావరణ శాఖ చెప్పినదా? మనుషుల సంఖ్య సంగతేమిటి, సాయంత్రం లెక్కించినదా, ముందుగా తెలిసినదా? మోడల్ పని రేపటి వినియోగాన్ని ఈరోజు చెప్పడం. రేపటి అసలు ఉష్ణోగ్రత ఈరోజు ఎవరి దగ్గరా ఉండదు. నమోదైన విలువలతో పరీక్షిస్తే మీరు కొలిచింది, భవిష్యత్తు వాతావరణం కచ్చితంగా తెలిసిన లోకంలో మోడల్ ఎలా ఉంటుందో. అసలు వాడకంలో వాతావరణ అంచనాలో ఉండే తప్పు కూడా వచ్చి కలుస్తుంది. రెండు విధాలుగానూ లెక్కించి చూపండి. ఆ రెండు ఆర్‌ఎంఎస్‌ఈల మధ్య తేడాను బట్టి, మోడల్‌ను మెరుగుపరచడం మీద శ్రమ పెట్టాలా, మెరుగైన వాతావరణ సమాచారం తెచ్చుకోవడం మీద పెట్టాలా అన్నది కూడా తేలుతుంది. పాత వాతావరణ అంచనాలు భద్రపరచకపోతే ఈ పరీక్ష వెనక్కి వెళ్లి చేయలేరు. ఈరోజు నుంచే భద్రపరచడం మొదలుపెట్టండి.

రెండో ప్రశ్నకు వద్దాం. కొత్త డేటా మీద మళ్లీ ఫిట్ చేసి గుణకాలను పోల్చడం పాత మోడల్ అంచనాల పరీక్ష కాదు. అది వేరే ప్రశ్న. పాత డేటాలో సార్థకం, కొత్త డేటాలో సార్థకం కాదు అన్నంత మాత్రాన ఆ రెండు గుణకాల మధ్య తేడా సార్థకం కానక్కర్లేదు. 120 రోజుల్లో ప్రామాణిక దోషం (గుణకం విలువలోని అనిశ్చితి) 400 రోజుల నాటికన్నా సుమారు 1.8 రెట్లు పెద్దదవుతుంది. గుణకం అచ్చంగా అదే విలువలో ఉన్నా పీ విలువ 0.05 దాటిపోవచ్చు. పైగా మనుషుల సంఖ్యకూ వారంలో రోజుకూ దగ్గరి సంబంధం ఉంది: సెలవు రోజుల్లో మనుషులు ఉండరు. అలాంటి చలరాశులు ఒకదాని బరువును మరొకటి పంచుకుంటాయి, ఫిట్ చేసిన ప్రతిసారీ పంపకం మారుతుంది, అంచనా మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. సంబంధం నిజంగా మారిందా అని తెలుసుకోవాలంటే 520 రోజులనూ కలిపి, పాత రోజుకు 0, కొత్త రోజుకు 1 విలువ తీసుకునే సూచిక చలరాశినీ, మనుషుల సంఖ్యతో దాని గుణకార పదాన్నీ చేర్చి, ఆ పదం గుణకం ఎంత ఉందో, దాని అంతరం ఎంతో చూడండి.

మూడోది, 96 శాతం. ఈ ఉచ్చు చాలా పాతది. 1884లో అమెరికాలో జాన్ ఫిన్లీ అనే సైనిక వాతావరణ పరిశీలకుడు సుడిగాలులను ముందే చెప్పే ప్రయోగం చేశాడు. మొత్తం 2,803 అంచనాలు. సుడిగాలి వస్తుందని చెప్పినవాటిలో 28 సార్లు వచ్చింది, 72 సార్లు రాలేదు. రాదని చెప్పినప్పుడు 23 సార్లు వచ్చింది, 2,680 సార్లు రాలేదు. కలిపితే 96.6 శాతం సరైనవి. త్వరలోనే విమర్శకులు లెక్క తీశారు: రోజూ కళ్లు మూసుకుని "రాదు" అని చెప్పినా 98.2 శాతం సరిపోయేది! నిజానికి ఫిన్లీ ప్రయత్నం పనికిమాలినదేమీ కాదు. వచ్చిన 51 సుడిగాలుల్లో 28ని ముందే చెప్పాడు. పనికిమాలినది ఆ కొలత. మీ 120 రోజుల్లో పరిమితి దాటినవి అయిదే అయితే, "ఎన్నడూ దాటదు" అనే మోడల్ 95.8 శాతం సరైనది. మీ 96 దాని పక్కన నిలబడి గొప్పలు చెప్పుకోలేదు.

ఆ మోడల్‌ను అవును, కాదు అని కుదించకముందే పరీక్షించండి. అది ఇచ్చేది సంభావ్యత. దాన్ని సున్నా లేదా ఒకటిగా జరిగినదానితో పోల్చి, తేడాల వర్గాల సగటు తీస్తే బ్రయర్ స్కోర్ వస్తుంది. గ్లెన్ బ్రయర్ 1950లో వాతావరణ అంచనాల కోసమే దీన్ని ప్రతిపాదించాడు. దీనికీ పోలిక కావాలి: ప్రతి రోజుకూ పాత డేటాలోని దాటిన రోజుల నిష్పత్తినే సంభావ్యతగా చెబితే వచ్చే స్కోర్ కన్నా మీది తక్కువ ఉందా? తర్వాత క్యాలిబ్రేషన్: 20 శాతం అవకాశం అని చెప్పిన రోజులన్నీ పోగేస్తే వాటిలో సుమారు 20 శాతం నిజంగా దాటాయా? దాటే రోజులకు ఎక్కువ సంభావ్యత, దాటని రోజులకు తక్కువ సంభావ్యత ఇస్తోందా అన్నది మరో గుణం. ఇవి రెండూ ఒకటి కావు. వరుస సరిగ్గా పేర్చి, సంఖ్యలు మాత్రం తప్పు చెప్పే మోడళ్లు కోకొల్లలు.

దీనికి వైద్య రంగంలో మంచి ఉదాహరణ ఉంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన అధ్యయనం ఆధారంగా గుండె జబ్బు ముప్పును చెప్పే సూత్రాలు తయారయ్యాయి. వాటిని చైనా జనాభా మీద పరీక్షించిన ఫలితాలు 2004లో వచ్చాయి. ఎవరికి ముప్పు ఎక్కువ, ఎవరికి తక్కువ అన్న వరుస బాగానే ఉంది. ముప్పు ఎంత అన్న సంఖ్య మాత్రం అసలు కన్నా చాలా ఎక్కువ. స్థానిక సగటు ముప్పునూ, ముప్పు కారకాల స్థానిక సగటులనూ పెట్టి సరిచేస్తే అంచనాలు దారిలోకి వచ్చాయి. మోడల్‌ను పూర్తిగా పారేయవలసిన అవసరం రాలేదు.

అయితే మీ మూడో ప్రశ్న విషయంలో నా అసలు సలహా నిరాశ కలిగించవచ్చు. సంభావ్యత మోడల్‌ను కొత్త డేటా మీద నమ్మకంగా పరీక్షించాలంటే జరిగిన ఘటనలు కనీసం 100, జరగనివి కనీసం 100 ఉండాలన్నది ఈ పని చేసేవారు సాధారణంగా పాటించే సూచన. క్యాలిబ్రేషన్ వక్రరేఖ గీయాలంటే ఒక్కో వైపు 200 ఉంటే మేలంటారు. పరిమితి దాటిన రోజులు అయిదో పదో ఉంటే ఏ తీర్పూ రాదు. వినియోగాన్ని యూనిట్లలో చెప్పే మొదటి మోడలూ, దాని అంచనా అవధీ మీ దగ్గర ఉండనే ఉన్నాయి. పరిమితి దాటే సంభావ్యతను వాటి నుంచే లెక్కించవచ్చు. లాజిస్టిక్ మోడల్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టమనే చెబుతాను.

మొదటి మోడల్‌లో తప్పు బయటపడితే ఏం చేయాలి? మట్టం మాత్రమే జరిగితే అంతరఖండాన్ని సవరించండి. వాలు కూడా తేడాగా ఉంటే రెండింటినీ. ఉష్ణోగ్రత వక్రంగా కనిపిస్తే మోడల్ ఆకారమే మార్చాలి. కానీ సవరించిన క్షణం నుంచీ ఆ 120 రోజులు కొత్త డేటా కావు. సవరించిన మోడల్‌ను మళ్లీ వాటి మీదే కొలిచి "ఆర్‌ఎంఎస్‌ఈ 30 నుంచి 18కి తగ్గింది" అని రాస్తే అది పరీక్ష కాదు, ఫిట్. అంతరఖండం ఒక్కటే మార్చితే ఈ అతిశయం స్వల్పం. పది రకాల ఆకారాలు ప్రయత్నించి అందులో మెరుగైనది ఎంచుకుంటే స్వల్పం కాదు. ప్రయోగాలు చేయాలనిపిస్తే 120 రోజుల్లో మొదటి 60 వాటికి కేటాయించి, చివరి 60ను తాకకుండా ఉంచండి. యాదృచ్ఛికంగా విడదీయవద్దు, తేదీ క్రమంలోనే విడదీయండి. నిన్నా రేపూ మోడల్‌కు చూపించి ఈరోజును అడిగితే పరీక్ష మరీ తేలికైపోతుంది.

చివరికి వాడకంలో పెట్టే మోడల్‌ను 520 రోజుల మీదా ఫిట్ చేయవచ్చు, చేయాలి కూడా. చేతిలో ఉన్న సమాచారాన్ని వదులుకోవడంలో అర్థం లేదు. 400 రోజుల మోడల్‌కు కొలిచిన తప్పును దానికి సుమారు సూచనగా ఇవ్వవచ్చు, అది ఏ మోడల్‌కు కొలిచిందో నివేదికలో స్పష్టంగా రాయాలి. ఆపై ప్రతి రోజూ అంచనాను అసలు విలువ రాకముందే తేదీతో, వాడిన ఉష్ణోగ్రతతో, మోడల్ సంచిక సంఖ్యతో సహా ఒక ఫైలులో నమోదు చేయించండి. నెలకోసారి తేడాల సగటు, అవధి దాటిన రోజుల సంఖ్య లెక్కిస్తే చాలు. సగటు తేడా వరుసగా ఒకే వైపు జరుగుతోందని కనిపిస్తే ముందు మీటర్‌ను, భవనంలో వచ్చిన మార్పులను విచారించి, ఆ తర్వాతే గుణకాల జోలికి వెళ్లండి.